గాలి లేని ఆదివారం

చలికాలంలో గాలి ఆగిపోయిన రోజంటే సరోజినికి భయం. ఆక్లండ్ శివారు టకానినిలో వాళ్ల వీధివాళ్లంతా అలాంటి రోజు కోసమే ఎదురుచూస్తారు. బట్టలు బయట ఆరేస్తారు, పిల్లల్ని సైకిళ్లెక్కిస్తారు. సరోజిని మాత్రం లేవగానే వంటింటి కిటికీలోంచి పక్కింటివాళ్ల చెట్టు చిటారుకొమ్మ చూస్తుంది. కొమ్మ కదులుతూ ఉంటే ఆదివారం ఆదివారంలా గడుస్తుంది. కదలకపోతే కిషన్‌రావు పడవ తీస్తాడు.

కిషన్‌రావు ఆమె భర్త. పాపటోయిటోయిలో టైర్ల షాపు నడుపుతాడు. చదువుకోడానికి వచ్చి, న్యూ లిన్‌లో మరికొందరితో ఒకే ఫ్లాట్‌లో సర్దుకుని, పెట్రోల్ బంకులో పనిచేసి, మెల్లగా నిలదొక్కుకున్న మనిషి. హుజూరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ చెరువు చేప తప్ప మరొకటి ఎరగడు. ఇక్కడికొచ్చాక షాపు పక్కన ఉండే ఫిజీ ఇండియన్ పెద్దాయన ఒకసారి తన పడవలో సముద్రం మీదికి తీసుకెళ్లాడు. ఏడాది తిరక్కుండానే ఒక పాత అల్యూమినియం పడవ, దాన్ని లాక్కెళ్లే ట్రైలరు ఇంటి ముందుకొచ్చాయి. ఎండాకాలంలో ఎవడైనా పడతాడు చేపలు, పట్టేవాడెవడో చలికాలంలో తేలుతుందంటాడు కిషన్‌రావు. చలికాలంలో అతనికీ, కూడా వెళ్లే ఇద్దరు మిత్రులకూ గర్నార్డ్ దొరుకుతుంది. ఎర్రగా, సీతాకోకచిలుక రెక్కల్లాంటి రెక్కలతో ఉండే చేప. నీళ్లలోంచి తీయగానే ముసలివాళ్లలా మూలుగుతుంది. సరోజిని దాన్ని పులుసు పెడుతుంది, ముళ్లు తీసి కూతురికి వడ్డిస్తుంది. తను తినదు.

ఆమె ముసలివాళ్లను చూసుకునే రెస్ట్ హోమ్‌లో పనిచేస్తుంది. నీళ్లు పోయడం, బట్టలు మార్చడం, మందులు మింగారో లేదో చూడడం. అక్కడ ఒక నియమం ఉంది. ఎవరి ఊపిరిలోనైనా కాస్త తేడా అనిపిస్తే గోడ మీదున్న బెల్ నొక్కాలి. నొక్కాక ఏమీ లేదని తేలినా ఎవరూ ఏమీ అనరు. ఆ బెల్ నొక్కడానికి సరోజిని ఏ రోజూ ఆలోచించలేదు.

ఇంట్లో నియమం వేరు. బయల్దేరేవాళ్లను ఎక్కడికి అని అడగకూడదు. ఆ మాట అందరి ఇళ్లలోనూ అంటారు, చాలామంది మరిచిపోతారు. సరోజిని మరిచిపోలేదు. ఆమె నాన్న లారీ డ్రైవర్. ఆరేళ్ల వయసులో ఒక పొద్దున గడప మీద నిలబడి "యాడికి నాయ్నా?" అని అడిగింది. ఆ రోజే మానకొండూరు దగ్గర లారీ బోల్తా పడింది. ఆయన బతికాడు గాని కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఇంటికి ఎవరొచ్చినా నానమ్మ ఆ కాలు చూపించి, తరవాత మనవరాలి వైపు చూసేది. అప్పటి నుంచి సరోజిని ఎవర్నీ ఆ ప్రశ్న అడగలేదు. కిషన్‌రావు పడవ ట్రైలరు బండికి తగిలిస్తుంటే అన్నం మూట కట్టి ఇస్తుంది, అంతే. ఎటు పోవాలన్నది వాళ్లు కూడా గాలి చూసి, అల చూసి ఆ పొద్దున్నే తేల్చుకుంటారు.

నిరుటి చలికాలం ఒకసారి వాళ్లు వస్తామన్న వేళకు రాలేదు. ఫోన్లు పలకలేదు. సరోజిని ఇక్కడి అత్యవసర నంబరు 111కి ఫోన్ చేసింది. ఎక్కడికి వెళ్లారు అని వాళ్లు అడిగితే చెప్పలేకపోయింది. ఎక్కడని వెతకాలో తెలియక హెలికాప్టర్‌ను కూడా లేపారు. మిత్రులు ముగ్గురూ పడవను ఎప్పుడో గట్టెక్కించి, రేవు దగ్గర చేపలు కోస్తూ, బీరు తాగుతూ కబుర్లలో పడ్డారు. పోలీసు కారు వచ్చి పక్కన ఆగేదాకా వాళ్లకు తెలియదు.

పోలీసులు ఒక్క మాట కూడా అనలేదు. అన్నది మనవాళ్లే. అప్పటి నుంచి తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా ఆమె 'హెలికాప్టర్ వదిన'. ఆ పేరు పెట్టింది గౌతమ్. ముగ్గురిలో చిన్నవాడు, పెళ్లికాలేదు, నోరు ఊరుకోదు. కిషన్‌రావు నలుగురిలో నవ్వి, ఇంటికొచ్చాక నవ్వలేదు.

"చీకటి పడేదాకా ఎవ్వరికీ ఫోన్ చెయ్యకు సరూ. నా ఇజ్జత్ పోయింది. మాటియ్యి" అన్నాడు.

ఆమె మాటిచ్చింది.

ఈ ఆదివారం కొమ్మ కదల్లేదు. తెల్లవారుతూనే గౌతమ్, బాలసుబ్రహ్మణ్యం వచ్చేశారు. బాలసుబ్రహ్మణ్యంది తెనాలి. ఏదో కంపెనీలో లెక్కలు చూస్తాడు. నెమ్మదస్తుడు, అందరికన్నా ముందు లైఫ్ జాకెట్ వేసుకుని ఇంటి ముందే తిరుగుతాడు.

"ఏంటి బాలుగారూ, డ్రైవ్‌వేలో మునిగిపోతామనా?" అన్నాడు గౌతమ్.

"నీతో బయల్దేరాక ఎక్కడైనా మునగొచ్చు నాయనా."

సరోజిని పులిహోర డబ్బాలు తెచ్చి ఇచ్చింది. గౌతమ్ మూత తీసి చూశాడు. "వదినా, ఇంకొకటి పెట్టండి. హెలికాప్టర్ పైలట్‌కి మర్యాద చెయ్యాలి కదా."

"నీకు పెండ్లి కానియ్యి. నీ పెండ్లాం ఫోన్ చేస్తదో లేదో చూస్త."

"చెయ్యదు వదినా. పీడ విరగడైందని హాయిగా నిద్రపోతుంది."

కిషన్‌రావు బూట్లు వేసుకుని గడప దాటుతున్నాడు. మెట్ల మీది నుంచి అమూల్య, వాళ్ల కూతురు, కళ్లు నులుముకుంటూ దిగింది. పదో తరగతి వయసు. ఇక్కడే పుట్టింది.

"వేర్ ఆర్ యూ గైస్ గోయింగ్, డాడ్?"

"ఏయ్!" సరోజిని గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "బయల్దేరేటోళ్లను అట్ల అడుగుతారే? ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"ఇట్స్ జస్ట్ ఎ క్వశ్చన్, మమ్."

కిషన్‌రావు సంచీ కింద పెట్టి, వెనక్కొచ్చి, బూట్లతోనే సోఫా మీద కూర్చున్నాడు. సరోజిని గ్లాసుతో నీళ్లిచ్చింది. తాగి లేచాడు. "అయిపాయె. దోషం పాయె. ఇగ పోనిస్తవా?" అన్నాడు నవ్వుతూ.

అమూల్య తండ్రి వెనకాలే చెప్పులేసుకుని బండి దాకా వెళ్లింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. సరోజిని లోపల గిన్నెలు తోముతూ ఉండిపోయింది.

రోజంతా ఎండ కాసింది. మధ్యాహ్నం దాటాక ఒకసారి ఫోన్ చేసింది. పలకలేదు. సముద్రం మీద ఉంటే పలకదు, అది మామూలే. కిటికీలోంచి చెట్టు చూసింది. ఆకు కూడా కదలడం లేదు. ఆ నిశ్చలం చూసి కాస్త ధైర్యం తెచ్చుకుంది. పడమటి తీరంలో అలకు ఇక్కడి గాలితో పని లేదని ఆమెకు తెలియదు. దక్షిణాన ఎక్కడో, మనుషులే లేని సముద్రంలో లేచిన తుపాను అలలు, ఆ తుపాను చచ్చిపోయాక కూడా ప్రయాణం చేస్తూ ఈ తీరానికి చేరతాయి. పైన ఆకాశం నీలంగానే ఉంటుంది.

ఎండ గోడల మీదికెక్కాక మళ్లీ ఫోన్ చేసింది. మూడు ఫోన్లకూ చేసింది. ఏదీ మోగలేదు. కాసేపటికి బాలసుబ్రహ్మణ్యం భార్య నిరుపమ తనే చేసింది.

"వదినా, ఈయన ఫోన్ కలవట్లేదు. అన్నయ్యగారేమైనా చేశారా?"

"లేదు. నాకెందుకో మంచిగనిపిస్తలేదు నిరుపమా. పోలీసుకు చెబ్దామా?"

అవతల టీవీ శబ్దం తగ్గింది. "చెబితే... మళ్లీ నిరుడు జరిగినట్టే అవుతుందేమో వదినా. రేవు దగ్గర కూర్చుని కబుర్లాడుతూ ఉంటారు. ఈసారి మనిద్దర్నీ కలిపి ఆడుకుంటారు. ఇంకాసేపు ఆగుదాం. చీకటి పడనివ్వండి."

"సరే" అంది సరోజిని. ఆగమని ఎవరైనా చెబితే బాగుండునని తను ఎదురుచూస్తున్నట్టు, ఆ మాట విన్నాకే ఆమెకు తెలిసింది.

బియ్యం కడిగింది. కుక్కర్ పెట్టలేదు. అమూల్య మెట్ల మీద కూర్చుని ఫోన్ చేతిలో పట్టుకుని ఉంది గాని దానివైపు చూడడం లేదు. వీధిలో సైకిళ్లు లోపలికెళ్లిపోయాయి. సూర్యుడు కిందికి దిగాడు, వెలుగు మాత్రం ఇంకా ఉంది. చీకటంటే ఎప్పటి నుంచి అని సరోజిని తనను తాను అడుగుతోంది. వీధి దీపాలు వెలిగినప్పటి నుంచా? దీపాలు వెలిగాయి. ఆకాశం ఇంకా పూర్తిగా నల్లబడలేదు. చెట్టు కనబడుతూనే ఉంది. ఎదురింటి తలుపు రంగు తెలుస్తోంది. ఎదురింట్లో ఎవరో కర్టెన్ లాగారు. రెస్ట్ హోమ్‌లో అయితే ఈపాటికి ఎన్నిసార్లు బెల్ నొక్కి ఉండేదో అనుకుంది. అలా అనుకున్నాక ఇక ఆగలేకపోయింది.

111లో పోలీసులకు కలిపారు. అవతలి గొంతు మర్యాదగా ఉంది. పడవ రంగు అడిగింది, ఎంతమంది ఉన్నారని అడిగింది. తరవాత ఎక్కడికి వెళ్లారు అని అడిగింది.

ఆక్లండ్‌కు రెండు వైపులా సముద్రమే. వాళ్లు తూర్పుకెళ్లారో పడమటికెళ్లారో కూడా ఆమెకు తెలియదు. టకానిని నుంచి ఎటైనా వెళ్లొచ్చు. అవతలి గొంతు ఆ ప్రశ్నే మెల్లగా, మాటలు విడదీసి, మళ్లీ అడిగింది, ఈమెకు ఇంగ్లిష్ రాదేమో అన్నట్టు.

"మనుకావ్" అంది అమూల్య. మెట్ల మీది నుంచి లేచి నిలబడింది. "మనుకావ్ హెడ్స్, మమ్. అవుట్‌సైడ్ ద బార్."

బార్ అంటే పడమటి వైపు మనుకావ్ హార్బర్ నోటి దగ్గర నీళ్ల కింద ఉండే ఇసుక మేటలు. బయటి అల వాటి మీదికొచ్చి విరుగుతుంది. అది దాటి బయటికెళ్లిన పడవలు తిరిగి లోపలికి రావడమే కష్టమని ఆ రేవుల్లో అందరికీ తెలుసు. కిషన్‌రావు ఎప్పుడూ ఇంట్లో ఆ మాటెత్తలేదు.

"నీకెట్ల తెలుసు?"

"పొద్దున కార్ దగ్గర అడిగాను. చెప్పాడు. మమ్‌కి చెప్పొద్దు, వర్రీ అవుతుందన్నాడు." అమూల్య ఏడుస్తోంది. "నేను చెప్పాలనుకున్నా. బట్ యూ యెల్డ్ ఎట్ మీ."

సరోజిని ఫోన్ కూతురి చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు. అన్నీ చెప్పు."

బండి దొరికిందని పోలీసులు చెప్పిన క్లార్క్స్ బీచ్ రేవుకు ఆమె వెళ్లేసరికి నిరుపమ కారు అక్కడే ఉంది. కిషన్‌రావు బండి, దాని వెనక ఖాళీ ట్రైలరు ఒంటరిగా నిలబడి ఉన్నాయి. నీళ్లు కూడా నిశ్చలంగా ఉన్నాయి, చిన్న అల కూడా గట్టును తాకడం లేదు. హార్బర్ నోటి వైపు, చాలా దూరంగా, హెలికాప్టర్ దీపం ఒకే చోట తిరుగుతోంది. ఇద్దరూ దాన్ని చూశారు.

కోస్ట్‌గార్డ్ పడవ ఇద్దరిని తెచ్చింది. మొదట గౌతమ్‌ని దించారు. అతను ఎవరి ముఖమూ చూడలేదు. తరవాత కిషన్‌రావును. అంబులెన్స్ మెట్టు మీద కూర్చోబెట్టి మెరిసే దుప్పటి కప్పారు. సరోజిని దగ్గరికెళ్లింది. అతని పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"బాలు వచ్చిండా?"

"లేదు."

"బోర్లా పడ్డంక ముగ్గురం పడవను పట్టుకునే ఉన్నం సరూ. జాకెట్ ఉండె ఆయనకు. నేను చెయ్యి పట్టుకున్న. చానాసేపు పట్టుకున్న." దుప్పటి కింద అతని చెయ్యి ముడుచుకుని, తెరుచుకుంటోంది. "ఎవరన్న వస్తరని చూసినం. గాలి కూడా లేదు గద. బాలు వచ్చిండా?"

ఆమె అతని తల తుడిచింది. అక్కడి నుంచి లేచి చూస్తే నిరుపమ పోలీసు అధికారిణితో మాట్లాడుతోంది. అధికారిణి ఓర్పుగా చెబుతోంది. పడవ బోల్తా పడింది మధ్యాహ్నం తరవాత, ఎండ ఉండగానే. ఆ ఇద్దరూ చెప్పినదాన్ని బట్టి, మూడో అతను చెయ్యి వదిలింది వెలుగు పోయే ముందు. వెతుకుతున్నారు, రాత్రంతా వెతుకుతారు. మీరు ఇంటికెళ్లి ఉండడం మంచిది.

నిరుపమ ఇంటికెళ్లలేదు. సరోజిని వైపు వచ్చి, రెండడుగుల దూరంలో ఆగింది.

"మీరు ఫోన్ చేస్తానన్నారు" అంది. "నేను ఆగమన్నాను."

సరోజిని ఆమె చెయ్యి పట్టుకోబోయింది. నిరుపమ చెయ్యి ఇవ్వలేదు.

"నేనే ఆగిన నిరుపమా. నువ్వు చెప్పకున్నా ఆగేదాన్నే. మాటిచ్చిన."

"ఆగేవారా?"

ఆగేదేమో. ఆగకపోయేదేమో. నిరుపమ తిరిగి తన కారు దగ్గరికెళ్లి, ఎక్కి తలుపేసుకుంది. సరోజిని అవతలి వైపు వెళ్లి తలుపు లాగింది. లోపలి నుంచి తాళం వేసి ఉంది. వేలితో అద్దం మీద తట్టింది. నిరుపమ ముందుకే చూస్తోంది.

కోస్ట్‌గార్డ్ పడవ మళ్లీ ఇంజన్ పెంచి హార్బర్ నోటి వైపు బయల్దేరింది. అంబులెన్స్‌లోంచి కిషన్‌రావు ఎవర్నో ఇంగ్లిష్‌లో అడుగుతున్నాడు, బాలు వచ్చాడా అని. సరోజిని కారు తలుపు మీది చెయ్యి తియ్యకుండా అక్కడే నిలబడింది.