పసుపు పూసిన డాలర్లు

సముద్రాలు దాటిన సొమ్ము, ఆస్పత్రి మంచం మీద మనిషి, మధ్యలో ప్రాణాలకు తెగించిన ఒక ఉద్యోగి. ఈ మహాగాథ చెబుదామనే కూర్చున్నాను. నిజానికి నేను తెగించింది ఏమీ లేదు, తెనాలి స్టేషన్ దాకా పరిగెత్తానంతే. రిటైరయ్యానంటే కూడా నవ్వుతారు, నాకింకా ముప్పై నాలుగే. కంపెనీ మా బ్రాంచి మూసేసింది. దాన్ని నేను రిటైర్మెంట్ అంటాను. మా ఆవిడ వేరే మాట అంటుంది.

కరోనా సద్దుమణిగాక ఒక వానాకాలంలో నన్ను తెనాలి విదేశీ కరెన్సీ కౌంటర్లో వేశారు. హోదా జూనియర్ ఎగ్జిక్యూటివ్. నా పైన బాపట్ల నుంచి రోజూ వచ్చిపోయే మేనేజరు, నా కింద కుర్చీ. పాస్‌పోర్టు, వీసా, టికెట్ చూసి రూపాయలు తీసుకుని డాలర్లివ్వడం పని. మేం అమ్మే ధర సెల్లింగ్ రేటు, తిరిగి కొనే ధర బయింగ్ రేటు. ఆ రెండింటి మధ్య సందులోంచే నా జీతం వచ్చేది.

పద్మజగారు చెరుకుపల్లి నుంచి అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ భర్త ఇండోనేషియాలో రొయ్యపిల్లల హేచరీలో టెక్నీషియన్. తడి గచ్చు మీద జారి తుంటి విరిగింది. అడ్వాన్సు కడితేగానీ ఆపరేషన్ చెయ్యమన్నారట ఆస్పత్రివాళ్ళు. కంపెనీ తర్వాత ఇస్తానంది. ఆవిడ అప్పటిదాకా విమానం ఎక్కలేదు.

అక్కడి డబ్బు రుపియా మా దగ్గర దొరకదనీ, డాలర్లు పట్టుకెళ్ళి అక్కడ మార్చుకోవాలనీ చెప్పాను. చేతికి లక్షల్లో నోట్లిస్తారు, సున్నాలు చూసి కంగారు పడొద్దన్నాను.

"అయితే మావాడు అక్కడ కోటీశ్వరుడా బాబూ?" అంది అత్తగారు.

"అవునండి. అక్కడ టీ కొట్టాయన కూడా."

నోట్లు మడవొద్దు, వాటి మీద రాయొద్దు, పిన్ను కొట్టొద్దు, మరక కనిపిస్తే అక్కడ తీసుకోరు అని కంపెనీ సూచనలు చదివి వినిపించాను. ఆ సూచనలు ముంబైలో తయారైనవి. వాటిలో పసుపు ప్రస్తావన లేదు.

ప్రయాణం రోజు సాయంత్రం నా ఫోనుకి పద్మజగారి నుంచి ఫొటో వచ్చింది. "దేవుడి దగ్గర పెట్టి బయల్దేరాం అన్నయ్యా." ఇత్తడి పళ్ళెంలో మా డాలర్లు. ప్రతి నోటుకీ నాలుగు మూలలా తడి పసుపు. నోటు మీది పెద్దాయనకి నుదుటన కుంకుమ బొట్టు.

గుండె ఆగిపోయిందని రాయాలని ఉంది. ఆగింది నేను తాగుతున్న టీ. కానీ భయం మాత్రం నిజం. అంతకుముందు బాలి వెళ్ళినాయన ఒకరు, చిన్న సిరా చుక్క ఉన్న నోటు ఎక్కడా చెల్లక వెనక్కి తెచ్చాడు. ఆయన వెళ్ళింది షికారుకి. ఈవిడ భాష రాని ఊళ్ళో డబ్బు మార్చే కిటికీ ముందు నిలబడి, ఒక్కో నోటూ వెనక్కి తోస్తుంటే ఎవరికి చెప్పుకుంటుంది? ఫోను చేస్తే స్విచాఫ్. అప్పటికే రేపల్లె రైల్లో ఉంటారు. తెనాలిలో దిగి చెన్నై బండి ఎక్కాలి.

కౌంటర్ బయట కరెన్సీ ముట్టుకుంటే లైసెన్సు పోతుంది. అందుకని ప్లాట్‌ఫాం మీద మనుషుల్ని పట్టుకుని, నోట్లతో సహా ఆటోలో కౌంటర్‌కి తెచ్చాను. చూసినవాళ్ళు కిడ్నాప్ అనుకుని ఉంటారు.

"పసుపు లేకుండా డబ్బుని గడప దాటించమంటావా? నీకు ఇంట్లో పెద్దవాళ్ళు లేరూ?" సాగనంపడానికి వచ్చిన అత్తగారు దారంతా తిడుతూనే ఉంది.

మేనేజరు ఒక నోటు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "కర్పూరం కూడా తగిలింది. ఇవి మళ్ళీ మన స్టాకులోకి తీసుకుంటే, మన నోట్లు కొనే విజయవాడ డీలరు ధరలో కోత పెడతాడు. ఆ కోత ఎవరికి?"

"నాకే పెట్టండి సార్," అన్నారు పద్మజగారు. "అక్కడ ఆయన ఆపరేషన్ ఆగకపోతే చాలు."

మేనేజరు బిల్లుల పుస్తకం ముందుకు లాక్కున్నారు. పాత నోట్లు బయింగ్ రేటుకి కొన్నట్టు ఒక బిల్లు, కొత్తవి సెల్లింగ్ రేటుకి అమ్మినట్టు ఇంకొకటి. రెండు వైపులా నష్టం ఆవిడదే, రూలు అలాగే ఉంది. వందల నోట్లు చాలక యాభైలు కలిపాం. ఒక్కో నోటూ లైటు కింద తిప్పుతుంటే నా చేతుల చెమట వాటికి అంటుతుందేమోనని అదొక భయం. చెన్నై బండి ఆలస్యంగా వచ్చింది. మన రైల్వేని అలా మెచ్చుకున్నది నా జీవితంలో అదొక్కసారే.

తర్వాత కబురు లేదు. ఫోను మోగితే తీయడానికి జంకాను, మోగకపోతే ఇంకా జంకాను. చివరికి ఆవిడే చేశారు.

"ఆపరేషనైంది అన్నయ్యా. మాట్లాడుతున్నారు. మార్చేవాడు ఒక్కో నోటూ అద్దం పెట్టి చూశాడు. అన్నీ తీసుకున్నాడు, ఒక్కటి తప్ప."

"ఏది?"

"అత్తయ్య మీకు తెలియకుండా పసుపుది ఒకటి దాచి, కొత్తవాటిలో కలిపింది. ఉత్తవి పంపకూడదంట."

ఈ సంగతి నేర్పింది ఒక్కటే. మా ప్రాంతంలో పసుపు రాయొద్దంటే వినరు, ఎక్కడ రాయాలో చెబితే వింటారు. బ్రాంచి మూసేదాకా ప్రతి కస్టమరుకీ అదే చెప్పాను: నోట్లు కవర్లో పెట్టి, పసుపు కవరుకి రాయండి. కవరుని ఎవరూ లైటు కింద పెట్టి చూడరు. కవర్లు ఏ కౌంటర్లో అడిగినా ఊరికే ఇస్తారు.