ఒంటి తుమ్ము మీదకు నెట్టిన తప్పు

తొమ్మిదేళ్లుగా ఒక తుమ్ము నా గుండెల మీద కూర్చుని ఉంది. నవ్వొస్తే నవ్వండి. నాకూ నవ్వొస్తుంది, ఆ తుమ్ము ఎవరిదో గుర్తొచ్చేదాకా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే కాబోలు, మా ఇంట్లో చెప్పిన దానికంటే మీకు కాస్త ఎక్కువే చెప్పగలను.

మాది నరసరావుపేట. మా ఎదురింట్లో నాగరత్నం అత్త ఉంటుంది. చుట్టం కాదు, వీధి వరసకు అత్త. భర్త పోయాక ఇంటి ముందు గదిలో కారం మర పెట్టుకుని బతుకుతోంది. ఎండాకాలం వచ్చిందంటే మా వైపు ప్రతి ఇల్లూ ఏడాదికి సరిపడా కారం పట్టించుకుంటుంది. ఎండుమిరపకాయల సంచులతో ఆడవాళ్లు ఆమె గుమ్మంలో వరస కడతారు. ఆ ఘాటుకు మా వీధిలో తుమ్మని ప్రాణి ఉండదు. కుక్కలు కూడా తుమ్ముతాయి. ఇది కాస్త మనసులో పెట్టుకోండి. మేమంతా మరిచిపోయింది ఈ చిన్న సంగతినే.

ఇంటర్ బైపీసీ అయ్యాక నాకు మొదటిసారి మెడికల్ సీటు రాలేదు. నాన్న నన్ను గుంటూరులో లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్చాడు. ఆయనకు పైపులు, కుళాయిలు అమ్మే కొట్టు ఉంది. కుళాయి కొనడానికి వచ్చిన ప్రతి మనిషికీ, అడిగినా అడక్కపోయినా, మా అమ్మాయి డాక్టరవుతుందని చెప్పేవాడు. నాకు బయాలజీ అంటే ప్రాణం. ఫిజిక్స్ అంటే ప్రాణం పోయేది. మొదటి నెల ఏదో కుస్తీ పట్టాను. తర్వాత ఒకరోజు ఫిజిక్స్ నోట్సు వెనక పేజీలో గోరింటాకు డిజైను గీశాను. పక్కమ్మాయి బాగుందంది. అంతే, దసరా దాటేసరికి ఆ పుస్తకంలో లెక్కల కంటే నెమళ్లు ఎక్కువయ్యాయి. హాస్టల్లో నా చేతికి ఎంత గిరాకీ అంటే, వార్డెన్ కూతురి పెళ్లికి కూడా నేనే పెట్టాను. ఆదివారం ఆదివారం ఇంటికి ఫోన్ చేసి, బాగా చదువుతున్నానని చెప్పేదాన్ని. అది అబద్ధమని అప్పుడు నాకు అనిపించిందా? అనిపించింది. ఇక్కడ మీ ముందు దాచి ఏం లాభం.

పరీక్ష మే నెలలో, ఆదివారం. గుంటూరులో సెంటరు. పొద్దున్నే కారు మాట్లాడారు. అమ్మ హాల్‌టికెట్టు నాలుగుసార్లు చూసింది. నేను గడప దాటుతున్నాను. సరిగ్గా అప్పుడు నాగరత్నం అత్త మర గదిలోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఖమంతా కారం పొడి, చేతిలో బెల్లం ముక్క. నా నోట్లో తీపి పెట్టి పంపాలని ఆమె ఆశ. దగ్గరకు వచ్చి, చెయ్యి చాపి, తుమ్మింది.

ఒక్కటే తుమ్మింది. రెండు తుమ్మితే మంచిదే, ఒంటి తుమ్మే అపశకునం. అందరం ఆగిపోయాం. రెండోది కూడా తుమ్మమని అమ్మ బతిమాలింది. పాపం అత్త ముక్కు ఎగబీల్చింది, ఎండలోకి తిరిగి సూర్యుడి వైపు చూసింది, చివరికి కొంగు చివర పుల్లలా చుట్టి ముక్కులో పెట్టుకుంది. రోజుకి వంద తుమ్మే మనిషికి ఆ పూట రెండోది రాలేదు. నేను వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరాను.

పరీక్షలో ఫిజిక్స్ దగ్గరికి వచ్చేసరికి నాకు ఏమీ రాలేదు. చూడని పాఠం ఎలా వస్తుంది? కళ్లు మూసుకుని వేలు పెట్టి, ఏ గడి మీద పడితే ఆ గడి నింపాను. తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్లు ఉంటుందంటారు. నా సీటు ఏడాది కిందటే ఊడింది, ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

ఫలితాలు వచ్చిన రోజు నాన్న కొట్టు మూసి ఇంటికి వచ్చాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఎక్కడ తేడా వచ్చిందమ్మా అని మెల్లగా అడిగాడు. నా నోటికి ఏది దగ్గరగా ఉంటే అది అనేశాను. "అత్త తుమ్మినప్పుడే అనుకున్నా నాన్నా." అంతే అన్నాను. అమ్మ ఆ మాటను రెండు చేతులా అందుకుంది. కూతురు చదవలేదని నమ్మడం కంటే ఎదురింటి మనిషి తుమ్మిందని నమ్మడం ఏ తల్లికైనా తేలిక కదా. సాయంత్రానికి వీధి వీధంతా నమ్మింది.

మూడో రోజు అత్త మా పెరటి వైపు నుంచి వచ్చింది. అమ్మ ఇంట్లో లేని సమయం చూసుకుని వచ్చింది. ఆ నాలుగు మాటలూ ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

"అమ్మాయ్, నిజం చెప్పవే. నా తుమ్ము వల్లేనటే నీ సీటు పోయింది?"

"ఏమో అత్తా. అందరూ అట్టాగే అంటన్నారు."

"రెండోది చానా ప్రయత్నం చేశానే. రాలా." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "తప్పయిపోయింది తల్లీ."

నేను తల వంచుకుని నిలబడ్డాను. ఏడాదంతా నెమళ్లు గీసింది నేను, తప్పయిపోయిందన్నది ఆమె. నోరు తెరవడానికి అరనిమిషం చాలు. ఎందుకు తెరవలేదు? భయమా? భయం మొదటి రోజుకు సరిపోతుంది, తొమ్మిదేళ్లకు సరిపోదు. నాకు అది సౌకర్యంగా ఉంది. నిజం అదే.

అప్పటి నుంచి అమ్మ అత్తతో మాటలు మానేసింది. ఎదురుగా మర ఉండగా మార్కెట్ అవతల మరదాకా సంచి మోసుకెళ్లి, అక్కడ కారం బరకగా పట్టారని ఏడాది పొడుగునా సణుక్కునేది. వీధిలో పిల్లలు ఏ పరీక్షకు బయలుదేరినా అత్త తన తలుపు తనే వేసుకునేది. నీట్ వచ్చిందంటే ముందు రోజే మరకు తాళం వేసి, మంచి గిరాకీ వదులుకుని, బెల్లంకొండలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయేది. పొమ్మని ఎవరూ అనలేదు. తన ముక్కును తనే నమ్మడం మానేసింది.

నా జీవితం నాశనమైందా అంటే, అదీ లేదు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేశాను. ఇదే ఊళ్లో ఒక ల్యాబులో పని. సూది గుచ్చే ముందు పిల్లల రెండో చేతి మీద పెన్నుతో నెమలి గీస్తాను, వాళ్లు దాన్ని చూస్తుండగానే రక్తం వచ్చేస్తుంది. నాకు ఈ పని ఇష్టం. హాయిగా ఉన్నాను. సిగ్గు అక్కడే ఉంది.

పోయిన బుధవారం హారిక మా ల్యాబుకు వచ్చింది. అత్త కూతురి కూతురు, చిన్నప్పటి నుంచి అత్త దగ్గరే పెరిగింది. ఈ ఆదివారం నీట్ రాస్తోంది. ఫిజిక్స్‌లో నాలాంటిది కాదు, దిట్ట.

"అక్కా, అమ్మమ్మ శనివారం బెల్లంకొండ పోయిద్దంట. నీకు జరిగినట్టు నాకు జరగకూడదంట. నగలుంటే పరీక్షకి లోపలికి రానియ్యరు, నువ్వొచ్చి నా చెవిదిద్దులు తీసి పంపియ్యవా?"

అరచేతిలో పెట్టుకుని పెంచిన పిల్ల పరీక్షకు వెళుతుంటే, ఆ ముసలామె వేరే ఊళ్లో దాక్కోవాలి. నా నెమళ్ల కోసం. ఇక నావల్ల కాలేదు.

గురువారం మధ్యాహ్నం మర దగ్గరికి వెళ్లాను. వరసలో అయిదారుగురు ఆడవాళ్లు. మర హోరు. అత్త చెవి దగ్గర చెప్పాను, వినపడలేదు. గట్టిగా చెప్పమంది. మళ్లీ చెప్పాను. నా మొహం చూసి ఆమె మోటారు ఆపింది, నేనేమో సరిగ్గా అదే క్షణంలో గొంతు చించుకుని అరిచాను: "నేను ఫిజిక్స్ చదవలేదత్తా!"

వరస మొత్తం నా వైపు తిరిగింది. ఇక దాచడానికి ఏముంది? గోరింటాకు, ఫోన్లు, నాన్నతో అన్న మాట, పెరట్లో వంచిన తల, అన్నీ వాళ్లందరి ముందే చెప్పాను. మధ్యలో మూడుసార్లు తుమ్మాను కూడా. ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త నవ్వలేదు.

"మీ అమ్మకి తెలుసా?"

"తెలవదు."

"ముందు ఆడ చెప్పు, పో." మోటారు వేసేసింది.

అమ్మ డాబా మీద మిరపకాయలు తిరగేస్తోంది. చెప్పాను. ఈసారి అరవలేదు, అయినా అమ్మకు మొత్తం వినపడింది. చేతిలో కాయ చేతిలోనే ఉంచుకుని, "తొమ్మిదేళ్లు ఆ మార్కెట్ దాకా మోయించావు గదే నా చేత" అంది. కాయలన్నీ సంచికెత్తి, మూతి కట్టి, కిందికి దిగి, వీధి దాటి, అత్త గుమ్మంలో వరస చివర నిలబడింది. నేను పిట్టగోడ పట్టుకుని పైనుంచి చూస్తున్నాను. అమ్మ వంతు వచ్చింది. అత్త సంచి అందుకుంది. కారం పట్టింది, జల్లించింది, మరోసారి పట్టింది. సంచి కట్టి ఇచ్చాక కూడా అమ్మ రాలేదు, అరుగు మీద కూర్చుంది. కాసేపటికి అత్త కూడా చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది.

ఈ రోజు శనివారం. అత్త నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటోంది. అమ్మ అన్నం పెడుతోంది గాని పలకరించడం లేదు. నిన్న రాత్రి నాన్నకు నేనే చెప్పాను. ఆయన అన్నం సగంలోనే వదిలి, లేచి చెయ్యి కడుక్కున్నాడు. మన్నించమని నేను ఎవరినీ అడగలేదు. అడిగే మొహం లేదు. అయినా చాలా ఏళ్ల తర్వాత నేను కడుపు నిండా తిన్నాను. మీకు ఇది రాస్తూ మధ్య మధ్య నవ్వుకుంటున్నాను కూడా.

బెల్లంకొండ బస్సు మధ్యాహ్నమే వెళ్లిపోయింది. అత్త ఎక్కలేదు. ఎదురింటి అరుగు మీద అమ్మా ఆమే పక్కపక్కన కూర్చుని, తొమ్మిదేళ్ల మాటలన్నీ ఒకేసారి మాట్లాడుకుంటున్నారు. అప్పుడప్పుడూ ఇద్దరూ తలెత్తి మా డాబా వైపు చూస్తున్నారు. నన్నే తిడుతున్నారు. ఎంతసేపైనా తిట్టుకోనివ్వండి.