ధోళీకి పాలు పోసిన పంచమి

తొర్రూరు బస్టాండు వెనక శ్రీపాల్ నడిపే రంగుచేపల దుకాణంలో కమ్లీ చేరి నాలుగేళ్లయింది. పెద్దవంగర దగ్గరి తండా నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తుంది. మొదట ఊడవడానికే పెట్టుకున్నారు. చేపల పని ఆమెను ఎవరూ చేయమనలేదు. నీళ్లు మురుగుతుంటే చూస్తూ ఊరుకోలేక తనే మార్చడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఏ తొట్టిలో ఏ చేప నలతగా ఉందో శ్రీపాల్ కన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. ఆ సంగతి శ్రీపాల్ కూడా ఒప్పుకుంటాడు, కాకపోతే పక్కన ఎవరూ లేనప్పుడు.

ఆ దుకాణంలో ఉప్పునీళ్ల తొట్టి ఒక్కటే. అందులో ఉండేది మొరే ఈల్. సముద్రంలో పగడపు దిబ్బల సందుల్లో బతికే చేప, చూడ్డానికి మాత్రం అచ్చం పామే. మూరెడు పొడుగు, తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలు, మధ్య మధ్య పసుపు చుక్కలు. హైదరాబాదులో ఎవరో షోకుకు తెప్పించుకుని, ఇంట్లోవాళ్లు జడుసుకుంటే తెచ్చి శ్రీపాల్‌కు అంటగట్టారు. కమ్లీ దానికి ధోళీ అని పేరు పెట్టింది. వాళ్ల తండా మాటలో తెల్లది అని.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ధోళీకి ఆ నోరే శత్రువైంది. ఊపిరి తీసుకోవడానికి అది ఎప్పుడూ నోరు తెరిచి మూస్తూ ఉంటుంది. కరవడానికే వస్తోందనుకుని జనం వెనక్కి గెంతుతారు. పాపం, దానికి చూపు కూడా సరిగా ఆనదు, వాసన పట్టుకునే బతుకుతుంది. పగలంతా ప్లాస్టిక్ పైపులో దూరి పడుకునే ప్రాణిని చూసి మనుషులు ఉలిక్కిపడుతుంటే కమ్లీకి నవ్వొచ్చేది, కాస్త కోపమూ వచ్చేది. వచ్చిన కొత్తలో అది పదిరోజులు ఏమీ ముట్టలేదు. కమ్లీ పొలం గట్టు మీది ఎండ్రికాయను డబ్బాలో వేసి తెచ్చి పెడితే కరకరా నమిలింది. ఆ రోజు నుంచి అది ఆమె బిడ్డే.

శ్రీపాల్ మాత్రం ఉప్పునీళ్ల చాకిరీతో విసిగిపోయాడు. ఇది చచ్చిన మర్నాడే ఆ తొట్టి తీసేస్తానని, మళ్లీ అలాంటిదాన్ని గడప తొక్కనివ్వనని ఖరాఖండిగా చెప్పేశాడు.

శ్రీపాల్ తల్లి రాజమణి. కొడకండ్ల దగ్గర భూములున్న ఇంటి మనిషి, ఒకరి చేత మాట పడే రకం కాదు. పామంటే మాత్రం ఆమడ దూరం. ఆ ఏడు నాగులపంచమికి ముందు రెండు రోజులూ వానే. పుట్టకు పోయే దారి మోకాలి లోతు బురదైంది. పంచమి పొద్దున్నే శ్రీపాల్ సరుకు కోసం వరంగల్ వెళ్లాడు. కమ్లీ దుకాణం వెనక బకెట్లు కడుగుతోంది. రాజమణి పాల గ్లాసు పట్టుకుని కొడుకు దుకాణానికి వచ్చింది. అస్తమానం నోరు తెరిచే ఆ జీవికి దూప అవుతోందని, గొంతు తడిపేవాళ్లే లేరని ఆమె మనసులో ఎప్పటినుంచో ఉంది. నాగేంద్రుడు దుకాణంలోనే ఉండగా పుట్ట దాకా పోవడమెందుకు? దూరం నుంచే దండం పెట్టి, చెయ్యి చాపి తొట్టి మూత తీసి, గ్లాసెడు పాలూ పోసేసింది.

కమ్లీ లోపలికి వచ్చేసరికి తొట్టి కుడితిలా ఉంది, కాస్త దూరంలో రాజమణి ఖాళీ గ్లాసుతో నిలబడి ఉంది. పాలు విరిగితే నీళ్లు చెడతాయి, నీళ్లు చెడితే చేపకు ఊపిరాడదు. రాజమణి మీద గట్టిగా అరవాలనిపించింది. జీతమిచ్చే ఇంటి పెద్దావిడ మీద అరవలేదు, అరిచే తీరికా లేదు.

ఉప్పు అప్పటికప్పుడు కలిపితే చేప తట్టుకోలేదు కాబట్టి కమ్లీ ఎప్పుడూ ఒక డ్రమ్ము నీళ్లు ముందురోజే కలిపి పెడుతుంది. ఇక ధోళీని అందులోకి చేర్చాలి. వల వేస్తే మెలికలు తిరిగి ఒళ్లు చీరుకుంటుంది. చిన్నప్పుడు చెరువు బురదలో పాముల్లా జారే మలుగు చేపలు పట్టిన చెయ్యి కమ్లీది. జారేదాన్ని పట్టకూడదు, అది దూరిన బొరియనే పట్టాలని ఆమెకు తెలుసు. పైపును రెండు వైపులా మూసి ఎత్తాలి. కానీ నీళ్లు నిండిన ఆ గజం పొడుగు పైపును రెండు కొసలూ మూసి ఎత్తడం ఒక్క మనిషి వల్ల కాదు.

“అవ్వా, ఆ కొసకు అరచెయ్యి పెట్టి గట్టిగ మూయుండ్రి. నేను చెప్పేదాక తియ్యద్దు.”

రాజమణి మొహం పాలిపోయింది. “కరుస్తదేమోనే?”

“కరిస్తె నన్నే కరుస్తది. తలకాయ నా దిక్కున్నది. గది పాము గాదవ్వా, చాప. పాలల్ల సచ్చిపోతది.”

చచ్చిపోతుందన్న మాట వినగానే రాజమణి గాజులు పైకి తోసుకుని తొట్టిలో చెయ్యి పెట్టింది. కళ్లు మూసుకుంది గానీ చెయ్యి వదల్లేదు. ఇద్దరూ పైపును అడ్డంగా ఎత్తి, అడుగులో అడుగు వేసుకుంటూ డ్రమ్ము దాకా మోసుకెళ్లి నీళ్లలో వదిలారు. కమ్లీ గాలి మోటారు పెట్టింది.

రాజమణి ఇంటికి పోలేదు. స్టూలు మీద కూర్చుని, దూపయితోందనుకున్నానని మళ్లీ మళ్లీ చెప్పుకుని కళ్లొత్తుకుంది. అది చూశాక కమ్లీ కోపం కరిగిపోయింది. మూడు గంటలవేళ ధోళీ తల బయటపెట్టి, కమ్లీ అందించిన రొయ్య ముక్కను లాక్కుంది. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

ఆ వెనకే శ్రీపాల్ వచ్చాడు. తెల్లబడిన తొట్టిని చూసి, ఎవరి పని ఇదని గద్దించాడు. చాయ్ పాలు తన చేతిలోంచి ఒలికాయని కమ్లీ చెప్పబోయింది.

“ఆమె కాదు, నేనే పోసిన,” అంది రాజమణి. తర్వాత జరిగిందంతా చెప్పింది.

శ్రీపాల్ నమ్మలేకపోయాడు. “పామంటె పారిపోతవ్ గదమ్మా, నువ్వెట్ల పట్టినవ్?”

“ఎట్లేంది? కమ్లీ పట్టుమన్నది, పట్టిన. ఆ తొట్టి తీసేస్త గీసేస్త అంటె నేనూకోను.”

కూలికి పోవడం మొదలైన నాటినుంచి కమ్లీ ఎందరి మాటో విని పనిచేసింది. తన మాట మీద ఓ పెద్దింటి మనిషి చెయ్యి కదపడం ఇదే మొదలు. సంతోషం ఎలా దాచుకోవాలో తెలియక, తొట్టికి కొత్త నీళ్లు కలపాలంటూ ఉప్పు సంచీ దగ్గరకు నడిచింది. రాజమణి కొంగు నడుముకు దోపుకుని వెనకే వచ్చి, ఎన్ని దోసిళ్లు వెయ్యాలో చెప్పమంది.