మా బైబిలమ్మ సరిదిద్దని మాట

మా జిల్లాలోని దుర్గాపూర్‌లో బైబిలమ్మ పోయిందని ఎస్టీడీ బూత్‌కు కబురొచ్చింది. నాకు ముందు కలిగింది ఏడుపు కాదు, ఊరట. ఆయాసంతో చాలా కాలంగా కూర్చునే కునికేది. ఈసారి మాత్రం హాయిగా నడుం వాల్చిందట, నిద్రలోనే వెళ్లిపోయిందట.

ఆమె గుంటూరు వైపు మనిషి. సువార్త చెప్పడానికి వచ్చి, బస్సుల్లో మా గోండ్‌పిప్రి పల్లెలన్నీ తిరిగేది. మేం తెలుగు మాట్లాడతాం గానీ మా బళ్లన్నీ మరాఠీవి, తెలుగు చదవడం చాలామందికి రాదు. అందుకే పుస్తకం ఒళ్లో మూసి పెట్టుకుని కథలా చెప్పేది. చాయ్‌లో చక్కెర మాత్రం అడిగి మరీ ఎక్కువ వేయించుకునేది.

ఓ సాయంత్రం మా వాకిట్లో కూర్చుని, "అందరూ మారుమనస్సు పొందండి" అంది. మనసు మార్చుకుని దేవుడి వైపు తిరగమని దాని అర్థం. ఆ పుస్తకం మాట మేమెప్పుడూ వినలేదు. మాకు తెలిసింది మారుమనువు, అంటే రెండో పెళ్లి. నేనప్పటికి పెనిమిటిని పోగొట్టుకుని అత్త దగ్గరే ఉంటున్నాను. మా ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

అత్త భగ్గుమంది. "ఏందమ్మా, నా కోడలికి మారుమనువు చెయ్యమంటున్నవా? మీ దేవుడు గిట్లనే చెప్తడా?"

బైబిలమ్మ తెల్లబోయింది. ఎందుకో నాకప్పుడు తెలియలేదు. నా బోసి నుదుటి వైపు కాసేపు చూసి, "అవునక్కా, చెయ్యండి" అంది.

"మరి నువ్వు చేస్కున్నవా?" అంది అత్త. బైబిలమ్మ భర్త కూడా చిన్న వయసులోనే పోయాడు.

"నన్నెవరూ అడగలేదక్కా."

నెల తిరక్కుండానే అత్త సంబంధాలు వాకబు చేయడం మొదలుపెట్టింది. గడ్‌చాందూర్ సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు కుదిరాడు, అమ్మానాన్నా లేనివాడు. మా పద్ధతిలో జరిగిన పెళ్లిలో నా తరఫున అత్త కూర్చుంటే, అతని తల్లి స్థానంలో బైబిలమ్మ కూర్చుంది. అందుకు వాళ్ల చర్చి సంఘంలో మాటలు పడింది. నేను మళ్లీ బొట్టు పెట్టుకున్నాను. తీసెయ్యమని ఆమె ఏనాడూ అనలేదు.

ఆ మాటకు అసలు అర్థం చాలా ఏళ్లకు ఆమే చెప్పింది. నాకు దిగులేసింది. "నా కోసం మీ దేవుడి పేరున అబద్ధమాడినవా అమ్మా?" అన్నాను.

"చెప్పడం వరకే నా పని తల్లీ. ఎవరికి ఎలా వినపడాలో ఆయన చూసుకుంటాడు" అని నవ్వింది. ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

కబురందగానే అత్తా నేనూ బస్సెక్కి వెళ్లాం. సమాధుల దగ్గర పెట్టె దించాక, బంధువులు ముందుగా మన్ను వేయండని పాస్టరుగారు పిలిచారు. ఎవరూ కదల్లేదు. చర్చి గడప ఎన్నడూ తొక్కని మా అత్త జనాన్ని తోసుకుంటూ వెళ్లింది.

"మీరేమవుతారమ్మా?"

"వియ్యపురాల్ని" అని, చెప్పులు విప్పి పక్కన పెట్టి, అత్త పిడికెడు మన్ను తీసుకుంది.