ఇప్పగింజ చప్పుడు

బొగ్గుబాయిలో ఫిట్టరుగా రిటైరయ్యాక, చండ్రుగొండ అవతల అడవి అంచున ఉన్న మా ఆవిడ పుట్టిన ఊరికి వచ్చేశాం. నాకొక పిచ్చి ఉంది. తాళాలు. అందులోనూ తాళంచెవి పోయిన తాళాలు. ఏన్కూరు సంతలో పాత ఇనుము అమ్మేవాడు నన్ను చూడగానే తుప్పు పట్టినవి ఏరి పక్కన పెడతాడు. వాటిని కిరోసిన్‌లో నానబెట్టి, సన్నటి తీగతో కెలికి, తెరిచేదాకా నాకు అన్నం సయించదు. “దాచుకునేటందుకు ఇంట్ల ఏమున్నదని ఇన్ని తాళాలయ్యా?” అంటుంది మా ఆవిడ. ఏమీ లేదు. అయినా సరే, ఎవరి గుట్టు వాళ్ల దగ్గర ఉండాలంటాను నేను.

మొన్న ఎండాకాలం చివర్లో, మా ఊరికి రోడ్డు వేసిన కంట్రాక్టరు తన ఖర్చుతో కెమెరాలు పెట్టిస్తానని వచ్చాడు. బడి దగ్గర ఒకటి, రేషన్ షాపు దగ్గర ఒకటి అన్నాడు, ఎవరూ కాదనలేదు. ఇంకొకటి వాగు బాటలో అన్నాడు. ఇసుక దొంగలు ఆ బాటనే పోతున్నారట! దొంగల సంగతేమో గానీ, మా ఆడవాళ్లు స్నానానికైనా, చెంబు పట్టుకొని పోవడానికైనా ఆ బాటనే పోవాలి. ఆ బొమ్మలు ఎవరికి కనిపిస్తాయయ్యా అని అడిగితే జేబులోంచి సెల్లు తీసి, “ఎక్కడికో పోవు, గిండ్లనే. ఇరవైనాలుగు గంటలు నా చేతులనే ఉంటయ్” అని మురిసిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం పక్కింటి అమ్మాయి మా గడపలో వచ్చి కూర్చుంది. ముప్పై దాటిన మనిషే, నన్ను బాబాయ్ అంటుంది కాబట్టి నాకు అమ్మాయే. వాళ్లాయన ఆ కంట్రాక్టరు దగ్గరే ట్రాక్టరు నడుపుతాడు.

“గ్రామసభల చేతులు లేపమంటరు బాబాయ్. వద్దని నేను లేపితే మా ఆయన పని పోతది. లేపకపోతే రేపటిసంది వాగుకు ఎట్ల పోవాలె?” అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

మాది ఐదో షెడ్యూలు కింది గిరిజన ప్రాంతం. ఇక్కడి గ్రామసభ మాటకు చట్టం పెద్ద బరువే ఇచ్చిందని సభ జరిగిన ప్రతిసారీ మైకులో చెబుతారు. కానీ చెయ్యి లేపాల్సింది మనిషే కదా! ఎదురుగా కంట్రాక్టరు కూర్చొని ఎవరెవరు లేపారో సెల్లులో వీడియో తీస్తుంటే, ఎంత పెద్ద హక్కయినా చంకలోనే ఉండిపోతుంది. చేతులు లేపే బదులు డబ్బాలో ఓటు వేసుకోవచ్చా అని పంచాయతీ కార్యదర్శిని అడిగాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, కాస్త భయస్తురాలు. “డబ్బా పెట్టొద్దని రూల్ నాకైతే కనపడలే సార్. సభ ఒప్పుకుంటే పెట్టుకోండ్రి” అంది. సభ ఒప్పుకుంది.

పాత నూనె రేకు డబ్బాకు మూత బిగించి, గింజ పట్టేంత బెజ్జం చేసి, నా దగ్గరున్న వాటిలోకెల్లా మొండి తాళం వేశాను. చదువు రానివాళ్లు ఉన్నారు కాబట్టి కాగితాలు వద్దనుకున్నాం. ఒక్కొక్కరికి ఒక చింతగింజ, ఒక ఇప్పగింజ ఇచ్చాం. వాగు బాటలో కెమెరా కావాలంటే డబ్బాలో చింతగింజ వెయ్యాలి, వద్దంటే ఇప్పగింజ. మిగిలింది పక్కనున్న గోనెసంచిలో పడెయ్యాలి. బడి వరండాలో దుప్పటి అడ్డం కట్టి, దాని వెనక డబ్బా పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదట ఊరి పెద్దవ్వ లేచింది. అందరూ మాటలు ఆపేశారు. దుప్పటి వెనక నుంచి టప్పుమని చిన్న చప్పుడు.

“ఇప్పగింజ!” అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే, నవ్వుకుంటూ.

నా తల తిరిగిపోయింది. ఏటా ఇప్పగింజలు ఏరి, ఎండబెట్టి, రేకు డబ్బాల్లో పోసుకునే జనం వీళ్లు! ఏ గింజ ఎట్లా మోగుతుందో వీళ్లకు ఒకరు చెప్పాలా? అయినా ఆ సంగతి ముందు ఒక్కరికీ తట్టలేదు. దగ్గరుండి గింజలు పంచిన మా ఆవిడకూ తట్టలేదు.

వరసలో తర్వాత నిలబడింది పక్కింటి అమ్మాయే. ముందు వరసలో కూర్చున్న కంట్రాక్టరు చిన్నగా నవ్వి, కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. అమ్మాయి వాళ్లాయన తల వంచుకున్నాడు. అయిపోయింది, దీని బతుకు నా చేతులతో నేనే బజార్న పెట్టాను అనుకున్నాను. ఆపుదామని లేచాను.

అప్పుడే దుప్పటి తొలగించుకొని పెద్దవ్వ బయటికి వచ్చింది.

“ఏందే, అందరి గొంతులు పోయినయా? గట్ల ఊకె కూసున్నరు!” అని కసిరి, చప్పట్లు చరిచి, ఇక్కడి గూడేల్లో అందరూ కలిసి పాడే రేల పాట ఎత్తుకుంది. ఆడవాళ్లంతా అందుకున్నారు. వెనక కూర్చున్న మగవాళ్లు బెంచీలు వాయించారు. వరండా దద్దరిల్లింది.

అమ్మాయి దుప్పటి వెనక్కి పోయింది, వచ్చింది. డబ్బాకు నాలుగడుగుల దూరంలో ఉన్న నాకు కూడా ఏ చప్పుడూ వినపడలేదు.

“గిదేం సభ? ఆ పాట ఆపుండ్రి!” అని కంట్రాక్టరు అరిచాడు.

“పాడొద్దని రూల్ లేదు సార్,” అంది కార్యదర్శి. ఆ పిల్ల గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆఖరి మనిషి గింజ వేసేదాకా పాట ఆగలేదు. డబ్బా తెరిచి చాప మీద కుమ్మరిస్తే చాలావరకు ఇప్పగింజలే, నడుమ అక్కడక్కడ చింతగింజలు. వాగు బాటలో కెమెరా వద్దని సభ తీర్మానించింది. కంట్రాక్టరు చాయ్ కూడా తాగకుండా పోయాడు. ఎవరి మీదని కోపం చూపిస్తాడు? తెల్లారి పక్కింటి ఆయన ఎప్పటిలాగే ట్రాక్టరు తోలుకొని పనికి పోయాడు.

ఆ వారంలోనే ఒకరోజు అమ్మాయి మా ఇంటికి వస్తే, మా ఆవిడ ఉండబట్టలేక అడిగేసింది.

“అవునే, మీ ఆయన ఏ గింజ ఏసిండు?”

“ఏమో పిన్నీ. నేనడగలే.”

“అదేందే, మొగుడినే గదా! అడిగితే ఏం పాయె?”

అమ్మాయి మెల్లగా చెప్పింది.

“నేనేది ఏసిన్నో ఆయన కూడ అడగలే పిన్నీ. యాడికి పోయినవ్, ఎవరితోటి మాట్లాడినవ్ అని పొద్దుగూకులు అడిగే మనిషి, గిదొక్కటి అడగలే. గదొక్కటన్న నాది నాకు ఉండనీ.”