బడికుండ ఎండిన రోజు

నా చిన్నప్పుడు మా బడిలో ఆడపిల్లలకు మొదటి గంట ఉండేది కాదు. గంట కొట్టేవాళ్ళు, హాజరు పిలిచేవాళ్ళు, మేమూ పలికేవాళ్ళం. ఆ తర్వాత మగపిల్లలు లెక్కల పుస్తకాలు తీసేవాళ్ళు, మేము బిందెలు తీసేవాళ్ళం. బడి వెనక మామిడితోపు దాటిపోతే ఒక బావి. అక్కడ నీళ్ళు చేది, చంకన పెట్టుకుని తెచ్చి వరండాలో ఉన్న పెద్ద కుండ నింపాలి. అది నిండేసరికి లెక్కల అయ్యవారు చేతికంటిన సుద్దపొడి దులుపుకుని వెళ్ళిపోతుండేవాడు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. మాకన్నా ముందు చదివిన అక్కలు మోశారు, మేమూ మోశాం. ఊరవతల కాలనీ నుంచి వచ్చే అమ్మాయిని మాత్రం కుండ తాకనిచ్చేవాళ్ళు కాదు, ఆ పిల్లకు చీపురిచ్చి గదులూ వరండాలూ ఊడవమనేవాళ్ళు. అదెందుకని మేమెవరమూ అడగలేదు.

మాది పాకాల దగ్గర పల్లె. మా నాయన చెరుకు గానుగ దగ్గర బెల్లం వండేవాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, అర్ధసంవత్సరం పరీక్షల్లో నాకు లెక్కల్లో వచ్చిన మార్కులు విని ఆయన ఒకటే మాటన్నాడు. "ఏడాది పరీచ్చ తప్పితే ఇంగ సాలు. గానుగ కాడికి వచ్చెయ్." ఏడో తరగతికి అప్పట్లో జిల్లా అంతటికీ ఒకే పరీక్ష, తప్పినవాళ్ళు సాధారణంగా మళ్ళీ బడి ముఖం చూసేవాళ్ళు కాదు. మా నాయన కోపిష్టి మనిషి కాడు, ఆ మాట కోపంగా కూడా అనలేదు. ఈ పిల్లకు లెక్కలు ఎక్కవని ఆయన నమ్మాడు. నేనూ నమ్మాను. ఇన్నేళ్ళయినా, ఆయన నమ్మినందుకు కాదు, నేను నమ్మినందుకే నాకు ఒళ్ళు మండుతుంది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు అది. మాకు సాంఘికశాస్త్రం చెప్పడానికి తిరుపతి నుంచి కొత్తగా ఒక టీచరమ్మ వచ్చింది. సన్నగా, నల్లగా, మగవాళ్ళ చేతిగడియారం పెట్టుకుని ఉండేది. ప్రభుత్వాలలో రకాలు అనే పాఠం వచ్చినప్పుడు ఆమె పుస్తకం మూసేసి, దీన్ని చదివేది కాదు, ఉండి చూద్దాం అన్నది. ముందు రాజరికం పెట్టింది. రాజు కొడుకే రాజు కనక, ఎవరి అన్న అంతకుముందు క్లాసు లీడరుగా చేశాడో ఆ తమ్ముడే రాజు. వాడు మా చేత సంచి మోయించుకున్నాడు, మామిడికాయలు కోయించుకున్నాడు, మేం నవ్వుకుంటూనే చేశాం. తర్వాత నియంత. క్లాసులో అందరికన్నా మెత్తని పిల్లవాణ్ణి ఎంచి వాడి చేతికి బెత్తం ఇచ్చింది. సాయంత్రానికి వాడంటే అందరికీ వణుకు పుట్టింది. మర్నాడు బెత్తం తిరిగి ఇవ్వడానికి వాడు చాలాసేపు ఆలోచించాడు. టీచరమ్మ చెయ్యి చాపి అలాగే నిలబడింది.

చివరికి ప్రజాస్వామ్యం వచ్చింది. మనల్ని మనమే ఏలుకోవాలంటే ముందు ఏ సంగతి తేల్చుకుందామని ఆమె అడిగింది. నాకెక్కడి నుంచి ధైర్యం వచ్చిందో, లేచి నిలబడి, "కుండ నీళ్ళ సంగతి టీచరమ్మా" అన్నాను. మగపిల్లలు గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. అందరికీ ఒక చింతగింజ, ఒక కానుగ గింజ పంచింది. ఆడపిల్లలే నీళ్ళు తేవాలనేవాళ్ళు చింతగింజ, అందరూ వంతులవారీగా తేవాలనేవాళ్ళు కానుగ గింజ గుప్పిట్లో పెట్టుకుని వచ్చి, మూత కప్పిన చెంబులో ఎవరికీ కనపడకుండా వేయాలి.

మేము ఆడపిల్లలం ఒక బెంచీకి మించి లేము. మగపిల్లలు గదంతా ఉన్నారు. చెంబు బోర్లిస్తే బల్ల మీద చింతగింజలు కుప్పగా పడ్డాయి. కానుగ గింజలు మాత్రం మేమున్నదానికంటే ఒకటి ఎక్కువ వచ్చింది. ఆ ఒక్క గింజ ఎవడు వేశాడో ఇప్పటికీ నాకు తెలీదు. అది తెలియకుండా ఉండటమే ఓటంటే, వెతకొద్దు అన్నది టీచరమ్మ.

ఓడిపోయాం. ఆమె ఏదో ఒకటి చేసి మమ్మల్ని గెలిపిస్తుందని ఆశ పెట్టుకున్నాం గానీ ఆమె లెక్క చెప్పి ఊరుకుంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "గింజలు ఎక్కువ పడితే తప్పు ఒప్పయిపోతుందా టీచరమ్మా?" అని అడిగేశాను. ఈ పాఠంలో తాను వినాలనుకున్న ప్రశ్న అదొక్కటేనని ఆమె అన్నది. బోర్డు తుడిచి, పెద్ద అక్షరాలతో 'హక్కు' అని రాసింది. ఎన్ని గింజలు పడినా పోనివి కొన్ని ఉంటాయని, దేశం తన రాజ్యాంగంలో వాటిని విడిగా రాసి పెట్టుకున్నదని, రాజుకీ నియంతకే కాదు, ఎక్కువమందికి కూడా వాటిని తీసేసే అధికారం లేదని చెప్పింది. ఆడదానికి వేరే హక్కులేమీ అక్కర్లేదు, మనిషికి ఉన్నవి ఆమె దగ్గర నుంచి లాక్కోకుండా ఉంటే చాలునన్నది. పాఠం వినడం మీ హక్కో కాదో మీరే తేల్చుకోండి, నేను చెప్పను అని గడియారం చూసుకుని వెళ్ళిపోయింది.

మరుసటి రోజు హాజరు పిలిచారు. పలికాం. మగపిల్లలు లెక్కల పుస్తకాలు తీశారు, మేమూ తీశాం. లెక్కల అయ్యవారు మా వైపు చూసి, గుమ్మం వైపు చూసి, మళ్ళీ మా వైపు చూశాడు. మేం కదల్లేదు. కాలనీ అమ్మాయి వరండాలో చీపురు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నది. కాసేపటికి చీపురు గోడకు ఆనించి, లోపలికి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ పిల్ల వచ్చాకే నేను పుస్తకం తెరిచాను.

మధ్యాహ్నం మగపిల్లలు చద్దిసంగటి, ఊరుబిండి పచ్చడి తిని కుండ దగ్గరికి పోతే అందులో అడుగున మన్ను తప్ప ఏమీ లేదు. ఒకడు గ్లాసు లోపలికి వేసి గీకి చూశాడు. ఊరుబిండిలో మా పక్క మిరపకాయలు తక్కువ వేయరు. బావి దూరమేమీ కాదు, పోయి చేదుకుని తాగితే సరిపోయేది, కానీ అది ఆడపిల్లల పని కదా. దాహంతోనైనా ఉన్నారు గానీ బిందె పట్టినవాడు లేడు. విషయం హెడ్మాస్టరు దాకా పోయింది. ఆయన సోషల్ టీచరమ్మను పిలిపించి, పిల్లల చేత ఈ పని చేయించింది మీరేనా అన్నాడు. నేను పాఠం చెప్పినాను, చేసింది వాళ్ళు, నాకు సంతోషంగా ఉండాదని ఆమె అందరికీ వినపడేట్టే చెప్పింది. మొదట గొంతు లేపినదాన్ని నేనే కనక మా నాయనకు కబురు పోయింది.

నాయన గానుగ నుంచి నేరుగా వచ్చాడు. పంచె మీద పాకం మరకలు, ఒళ్ళంతా చెరుకుపిప్పి వాసన. బయట విప్పిన చెప్పుల పక్కనే, హెడ్మాస్టరు గది గుమ్మం అవతల నిలబడ్డాడు. నేనూ టీచరమ్మా గుమ్మానికి ఇవతల ఉన్నాం. హెడ్మాస్టరు, మీ పాప మొదటి గంటలో బావికి పొమ్మంటే పోలేదని, మిగతావాళ్ళను కూడా చెడగొట్టిందని చెప్పుకొచ్చాడు. నాయన తల వంచుకుని అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా, "మొదటి గంటలో ఏం సెప్తారయ్యా?" అని అడిగాడు.

"లెక్కలు."

నాయన తలెత్తి నా వైపు చూశాడు. ఆయన ముఖం నల్లబడింది. "ఇన్నాళ్ళూ మొద్దుదనుకుంటి కదయ్యా నా బిడ్డను" అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది, కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. వెంటనే ఆయన, "నీళ్ళు మోసేదానికైతే ఇంటికాడే మోసుకుంటాది. ఇస్కూలెందుకు? పామ్మా, పుస్తకాలెత్తుకో" అని నా చెయ్యి పట్టుకున్నాడు. హెడ్మాస్టరు ఆపలేదు. నా తరఫున మాట్లాడుతూనే మా నాయన నా చదువు మాన్పించేస్తున్నాడు.

అప్పుడు టీచరమ్మ ఒక అడుగు ముందుకు వచ్చింది. హక్కుల గురించి గానీ రాజ్యాంగం గురించి గానీ ఒక్క ముక్క మాట్లాడలేదు. "ఆ బిడ్డను అడిగినారా అన్నా?" అన్నది.

నాయనకు ఆ మాట నిజంగానే అర్థం కాలేదు. "దాన్నేమడగాల?" అన్నాడు.

"పోవాలని ఉండాదో, ఉండాలని ఉండాదో."

అందరూ నా వైపు తిరిగారు. నేను పుట్టిన దగ్గర నుంచి ఎన్నో తీర్మానాలు నా తల మీదుగా పోయాయి. పేరు, బడి, బట్టలు, పండక్కి ఏ ఊరు పోవాలి, అన్నీ. నీకేమనిపిస్తున్నదని నన్ను అడిగింది అదే మొదలు. మా నాయన చెయ్యి వెచ్చగా, బంకబంకగా నా మణికట్టు చుట్టూ ఉంది. దాన్ని విడిపించుకున్నాను. హెడ్మాస్టరును ఎదిరించడం నాకు కష్టం కాలేదు, మా నాయన చెయ్యి వదిలించుకోవడం కష్టమయింది. "నేను రాను నాయనా. మొదటి గంట కూచుంటాను. అప్పుడూ తప్పితే నేనే గానుగ కాడికి వస్తాను" అన్నాను.

ఆయన ఖాళీగా ఉన్న తన చెయ్యి చూసుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. "సరే, కూసో" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

బావికి పోయేవాళ్ళెవరూ లేక హెడ్మాస్టరు ఒప్పుకున్నాక కుండ వంతులవారీ అయింది, మొదటి గంటలో కాదు, బడి మొదలు కాకముందే. గోల పెట్టిన ఇళ్ళు లేకపోలేదు. టీచరమ్మ మొదటి వంతు కాలనీ అమ్మాయికి ఇచ్చినప్పుడు గోల ఇంకా పెరిగింది, కొందరు ఇంటి నుంచి సీసాల్లో నీళ్ళు తెచ్చుకున్నారు. ఆ పిల్ల తెచ్చిన నీళ్ళు మొదటి గ్లాసు టీచరమ్మ తాగింది, రెండోది నేను తాగాను. ఏడాది చివర పరీక్షలో లెక్కలు గట్టెక్కాను, అత్తెసరు మార్కులే. ఆ వేసవిలోనే టీచరమ్మకు బదిలీ అయింది. మళ్ళీ చూడలేదు.

అయితే నాయన బడికి వచ్చిన ఆ రోజు సంగతి ఇంకొంచెం ఉంది. ఇంటికి పోయేసరికి అమ్మ పొయ్యి ముందు సంగటి గెలుకుతున్నది. నాయన అప్పటికే చెప్పినట్టున్నాడు. "నిన్నెప్పుడైనా అడిగినారా అమ్మా?" అన్నాను. "ఏమని?" అన్నది. ఏదైనా సరే అన్నాను. అమ్మ తెడ్డు ఆపింది. ఆలోచించింది. మళ్ళీ గెలకడం మొదలుపెట్టింది.

మా చుట్టాల్లో నాకు నోటి దురుసు మనిషినని పేరు. సంబంధాల దగ్గర, పంపకాల దగ్గర, ఆస్పత్రి వరండాల్లో, పదిమంది చేరి ఒక ఆడమనిషి సంగతి తేల్చేస్తుంటే నేను అడ్డం పోయి, "ఆమెను అడిగినారా?" అంటాను. విసుక్కుంటారు. విసుక్కోనీ. నాకు సంబంధం వచ్చినప్పుడు మా నాయన పెరట్లోకి వచ్చి, గొంతు సవరించుకుని, "ఏమంటావుమ్మా?" అని అడిగాడు. వద్దంటే, వచ్చినవాళ్ళకు ఆయనే పోయి చెప్పి వచ్చాడు.

నాయన పోయాక అమ్మ నా దగ్గరే ఉంది. పొద్దున్నే ఆమె మంచం దగ్గరికి పోయి ఏం వండమంటావని అడిగేదాన్ని. "ఏదో ఒగటి" అనేది. రోజూ అడిగాను, రోజూ అదే జవాబు. ఆమెకు అడిగించుకునే అలవాటు లేదు, నాకు అడగడం మానే అలవాటు లేదు. చాలాకాలం తర్వాత ఒక పొద్దున, నేను నోరు తెరవకముందే, "ఈపొద్దు నాకు సంగటి వద్దు" అన్నది. గొంతులో ఎప్పుడూ వినని బిరుసు. సంగటి అప్పటికే ఉడుకుతున్నది. దించి పక్కన పెట్టి, ఏం కావాలో అడిగి, ఆమె చెప్పిందే వండాను.