ఐదు నక్షత్రాల తవుడు

2007 జూన్‌లో నన్ను సూర్యాపేట బ్రాంచికి మేనేజరుగా వేశారు. మాది షేర్ల బ్రోకింగ్ సంస్థ. మిర్యాలగూడ, కోదాడ ఖాతాదారులు కూడా మా కిందికే వచ్చేవారు. మేనేజరంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. బ్రాంచిలో ఉన్నది ఇద్దరు డీలర్లు, అంటే ఖాతాదారు చెప్పిన ఆర్డరును కంప్యూటర్లో కొట్టేవాళ్లు, ఒక ఎయిర్ కూలరు, నేను. వచ్చినవాళ్లు నాకంటే కూలరుకే ఎక్కువ మర్యాద ఇచ్చేవారు.

చేరిన కొద్ది రోజులకే హైదరాబాదు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటర్నెట్‌లో షేర్ల సమాచారమిచ్చే రెండు సైట్లను పదిహేను రోజులు ఉచితంగా వాడి చూసి, ఏది కొనాలో మేనేజరు రాసి పంపాలి. చందా ఒక్కదానికే కడతారు. మొదటిది పరిశోధన సైటు. కంపెనీ పేరు కొడితే పన్నెండు పేజీల నివేదిక, రంగురంగుల గ్రాఫులు, ఐదుకు ఎన్ని నక్షత్రాలో మార్కులు. రెండోది షేర్లను కనిపెట్టుకుని ఉండే సైటు. మన జాబితా ఇస్తే ధర మారినప్పుడల్లా ఫోనుకు మెసేజ్ పంపుతుంది. కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజికి రాసిన ఉత్తరాలను ఉన్నవి ఉన్నట్టు పెడుతుంది. అభిప్రాయం మాత్రం చెప్పదు.

నా మనసంతా మొదటిదాని మీదే. నిజం చెప్పొద్దూ, ఆ నక్షత్రాలు చూస్తే నేనే ఏదో పరిశోధన చేసినంత ధీమా వచ్చేది. రెండోదాన్ని పరీక్షించడానికి మా ఖాతాదారు, మిర్యాలగూడ రైస్ మిల్లు యజమాని నాగభూషణం సేటు ఫోన్ నంబరు ఇచ్చాను. ఆయన ప్రతి రూపాయి మార్పుకూ మెసేజ్ కావాలన్నారు. ధాన్యం కాంటా పెడుతుంటే జేబులో ఫోను కుయ్‌కుయ్‌మంటూనే ఉందట. మూడో రోజు వాళ్లింటావిడ దాన్ని బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టేశారు. ఇక రెండో సైటు పని అయిపోయిందనుకున్నాను. మొదటిదే కొనమని సిఫారసు రాసి, కవరు అంటించి, కొరియరు కోసం బల్ల మీద పెట్టాను.

ఆ మధ్యాహ్నమే తిరుమలగిరి నుంచి యాదగిరి సార్ బస్సు దిగి వచ్చారు. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, హైస్కూలు టీచరై, ఆమధ్యే రిటైరైన మనిషి. రిటైర్మెంటు సొమ్ములో సగం ఇంటి స్లాబుకు అట్టిపెట్టి, మిగతా సగం కోదాడ దగ్గర ఫ్యాక్టరీ ఉన్న ఒక తవుడు నూనె కంపెనీలో పెడతానన్నారు. పోతే మళ్లీ కూడబెట్టే వయసు కాదు. నేను మహా ఉత్సాహంగా పరిశోధన సైటులో ఆ కంపెనీ పేరు కొట్టాను. ఐదుకు ఐదు నక్షత్రాలు! సార్ సంతకం పెట్టడానికి పెన్ను తీశారు.

ఏవో కాగితాల పని మీద వచ్చిన సేటు పక్క కుర్చీలో టీ తాగుతున్నారు.

“జర ఆగున్రి సార్,” అన్నారాయన. “గా కంపెనీ నాకెరుకే. మా మిల్లు తవుడు వాళ్లే కొంటరు. రెండు నెలల సంది లారీ వస్తలేదు.”

ఈ మార్కులు వేసినవాళ్లు బొంబాయి నిపుణులని నేను కాస్త గొప్పగానే చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. ధాన్యం వస్తే బస్తా మూతి దగ్గర ఎన్నడూ చూడనని, ఇనుప గొట్టాన్ని అడుగుదాకా గుచ్చి తీసిన గింజలనే అరచేతిలో నలిపి చూస్తానని చెప్పారు.

“మీద మంచి గింజలు ఎవలైనా పోస్తరు. గీ సైట్లను గూడ గట్లనే గుచ్చి సూడున్రి.”

అయిష్టంగానే రెండోది తెరిచాను. రంగూ లేదు, రూపూ లేదు. బాయిలరు చెడి రెండు నెలలుగా ఉత్పత్తి ఆగిందని, ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేమని ముందురోజే కంపెనీ రాసుకున్న ఉత్తరం మాత్రం ఉంది. మళ్లీ మొదటి సైటుకు వెళ్లి పేజీ అడుగుదాకా దిగాను. అక్కడ చీమంత అక్షరాల్లో నివేదిక తేదీ ఉంది. ఎనిమిది నెలల కిందటిది. ఇన్ని రోజుల్లో ఒక్కసారైనా అక్కడిదాకా చూసిన పాపాన పోలేదు నేను.

యాదగిరి సార్ పెన్నుకు మూత పెట్టి జేబులో దోపుకున్నారు. తర్వాత, హోంవర్కు చేయని పిల్లవాణ్ని అడిగినంత నెమ్మదిగా అడిగారు.

“మీ పైసలు గూడ గిండ్లనే ఉన్నయా, మేనేజర్ సాబ్?”

ఉన్నాయి. నియమం ప్రకారం పై ఆఫీసుకు తెలియజేసి మరీ, ఆ నక్షత్రాలను నమ్మి, వారం కిందటే నాలుగు వందల షేర్లు కొన్నాను. ఆ మాట ఒప్పుకునేసరికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వెంటనే అమ్మేయమని డీలరుకు చెబితే, కొనేవాడు ఒక్కడూ లేడన్నాడు. మా తవుడు గూడ గట్లనే పడి ఉన్నదని సేటు నన్ను ఓదార్చారు.

బల్ల మీది కవరు చింపి, రెండో సైటే కొనమని కొత్త సిఫారసు రాశాను. సార్ ఆ సొమ్మును పోస్టాఫీసులో వేసుకున్నారు. స్లాబు పోసిన రోజు నన్ను పిలిచి కడుపునిండా భోజనం పెట్టారు. ఆ కంపెనీ సంగతి ఎత్తలేదు, అది ఆయన పెద్దమనసు.

2014లో రిటైరయ్యేదాకా, ఏ సాధనం చేతికొచ్చినా ముందు నాకు తెలిసిన సంగతే దాన్ని అడిగేవాణ్ని. అది సరిగ్గా చెబితేనే తెలియనిది అడిగేవాణ్ని. సార్ వచ్చి వెళ్లిన కొన్నాళ్లకే ఆ తవుడు షేరు లావాదేవీలు ఆగిపోయాయి. నా నాలుగు వందలూ రెండో సైటు జాబితాలో అలాగే ఉండిపోయాయి. వాటి గురించి మళ్లీ ఒక్క మెసేజ్ కూడా రాలేదు. ధర మారితేనే కదా అది పంపేది.